కొత్త సంగీతం వాయించే స్ట్రింగ్ క్వార్టెట్‌ను హైదరాబాద్‌లో ఎలా మొదలుపెట్టాలి?

స్ట్రింగ్ క్వార్టెట్ అంటే నలుగురు. రెండు వయొలిన్లు, ఒక వయోలా (కాస్త పెద్దగా, కింది శ్రుతిలో పలికే వయొలిన్ లాంటిది), ఒక చెల్లో (మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వాద్యం). కండక్టర్ ఉండడు. పద్దెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ కాలంలో స్థిరపడిన ఈ అమరిక కోసం ఇవాళ్టికీ కొత్త రచనలు వస్తూనే ఉన్నాయి. అమెరికాలో క్రోనోస్ క్వార్టెట్ 1973లో, లండన్‌లో ఆర్డిటి క్వార్టెట్ 1974లో మొదలై ఎక్కువగా మన కాలపు రచనల మీదే నిలబడ్డాయి. నేను ఇక్కడ ఒక చిన్న బృందంలో వయోలా వాయిస్తాను. కాలేజీ వయసు పిల్లలు నలుగురు కలిసి ఇలాంటిది పెట్టుకోవాలంటే ఏ వరసలో వెళ్లాలో నాకు తెలిసింది చెబుతాను.

ముందు చెల్లో వెతకండి

మన ఊళ్లో వయొలిన్ నేర్చుకునేవాళ్లు దొరుకుతారు. చెల్లో వాయించేవాళ్లు తక్కువ, వయోలా ఇంకా తక్కువ. సికింద్రాబాద్ చర్చిల్లో సంగీతం చూసుకునేవాళ్లను, వెస్టర్న్ సంగీతం గ్రేడ్ పరీక్షలకు తయారుచేసే టీచర్లను అడగండి. చెల్లో దొరికాకే మిగతా మాట.

వయోలా కోసం బయట వెతకడం కన్నా, వయొలిన్ వాయించే ముగ్గురిలో ఒకరు మారడం తేలిక. తీగలు ఒక పంచమం కిందికి ఉంటాయి, వేళ్లు కాస్త ఎడంగా పెట్టాలి, వయోలా నొటేషన్ రాసే ఆల్టో క్లెఫ్ అనే గుర్తు చదవడం నేర్చుకోవాలి. నాకు రెండు నెలలు పట్టింది.

కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నవాళ్లు వెనకాడక్కర్లేదు. శ్రుతి, కూర్చునే తీరు, నొటేషన్ చదవడం మార్చుకోవాలి గానీ, చెవి అప్పటికే సిద్ధంగా ఉంటుంది. అది ఎంత పెద్ద ఆస్తో కింద శ్రుతి గురించి చెప్పినప్పుడు మీకే తెలుస్తుంది.

రచనలు ఎంచుకోవడం

క్రోనోస్ వాళ్లు ‘ఫిఫ్టీ ఫర్ ది ఫ్యూచర్’ పేరుతో కొత్తతరం బృందాల కోసమే యాభై రచనలు రాయించారు. స్కోర్లు (నలుగురి నొటేషన్ ఒకేచోట ఉన్నవి), పార్టులు (ఒక్కొక్కరికి విడిగా రాసినవి) నెట్‌లో ఉచితంగా ఇస్తున్నారు. ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ రాసిన ‘పల్లవి’ కూడా వాటిలో ఉంది. మిగతా సమకాలీన రచనలకు పార్టులు కొనండి. బతికున్న స్వరకర్త పని జిరాక్స్ తీసుకోవద్దు.

అన్నిటికన్నా ముందు అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ 1964లో రాసిన ‘ఇన్ సి’ మోగించండి. 53 చిన్న స్వర వరసలు, ఏ వాద్యమైనా వాయించవచ్చు, ఒక్కొక్కటి ఎన్నిసార్లు తిప్పాలో ఎవరిష్టం వాళ్లది. పక్కవాళ్లు ఎక్కడున్నారో వినకపోతే అది నిలబడదు. స్టీవ్ రైక్ ‘డిఫరెంట్ ట్రైన్స్’ ఎంత నచ్చినా మొదటి ఏడాది పెట్టుకోకండి. రికార్డు చేసిన టేపుతో కలిసి వాయించాలి, మంచి సౌండ్ సిస్టమ్ కావాలి.

శ్రుతికి పావుగంట

ట్యూనర్‌ను ‘ఎ’ = 440కి పెట్టి, చెల్లో ‘ఎ’ తీగను (అది ఒక స్థాయి కింద, 220 దగ్గర పలుకుతుంది) దానికి కలిపి, మిగతా ముగ్గురూ దాన్నుంచి అందుకోండి. తర్వాత ఒక పరీక్ష చేయండి. అందరూ తమ తీగలను నిఖార్సైన పంచమాలకు శ్రుతి చేసుకున్నాక, చెల్లో అడుగు ‘సి’ తీగను, మొదటి వయొలిన్ ‘ఇ’ తీగను కలిపి పట్టండి. ‘సి’ని షడ్జం అనుకుంటే ‘ఇ’ అంతర గాంధారం. అది కాస్త ఎక్కినట్టు గరగరలాడుతుంది. తంబురా మంద్ర షడ్జంలోంచి తనంతట పలికే గాంధారం విన్న చెవికి తేడా వెంటనే పట్టుబడుతుంది. తప్పు ఎవరిదీ కాదు, వరసగా నాలుగు శుద్ధ పంచమాలు పేరిస్తే లెక్క అలాగే తేలుతుంది. అందుకే వయోలా, చెల్లోలు ‘జి’, ‘సి’ తీగలను వెంట్రుకవాసి పైకి పెట్టుకుంటాయి. మేం మొదట్లో ఇది తెలియక వారాల తరబడి ఒకరినొకరు అనుమానించుకున్నాం.

మే నెల ఎండల్లో చెక్క ఎండి బిరడలు జారిపోతాయి, వానాకాలంలో బిగుసుకుపోతాయి. వాద్యం పెట్టెలో తేమ చూపించే చిన్న మీటరు పెట్టుకోండి. కారులో మాత్రం వదిలేయకండి.

లెక్కను నోటితో

కొత్త రచనల్లో ఏడు, ఐదు లెక్కల కొలతలు (మన ఆవర్తాల లాంటి బార్లు) తరచూ వస్తాయి. వన్ టూ త్రీ అని లెక్కపెడుతుంటే టెన్షన్ పెరుగుతుంది తప్ప నడక రాదు. ఏడుకు ‘తకిట తకధిమి’, ఐదుకు ‘తక తకిట’ అనండి. కొన్ని రచనల్లో ఏడు రెండు, రెండు, మూడుగా విరుగుతుంది. అప్పుడు ‘తక తక తకిట’. వాద్యాలు ఒళ్లో పెట్టుకుని నలుగురూ చేత్తో తాళం వేస్తూ పేజీ మొత్తం నోటితో చెప్పగలిగాకే కమాను పట్టండి. మిశ్రచాపు, ఖండచాపు విని పెరిగిన మనకు ఇది చేతికందే సాయం.

వారానికి రెండు రిహార్సళ్లు, రెండేసి గంటలు చాలు. ప్రతిసారీ ఫోన్‌లో రికార్డు చేసి వినండి.

మొదటి కచేరీ

ముప్ఫై, నలభై మంది పట్టే గది చూడండి. గోథే-జెంట్రమ్, అలయన్స్ ఫ్రాంసేజ్, లామకాన్ లాంటి సాంస్కృతిక కేంద్రాలకు స్వయంగా వెళ్లి అడగండి. ఆరుబయట అయితే తీగల మెత్తటి శబ్దాలు గాల్లో కలిసిపోతాయి, మైకులు తప్పవు. నలభై ఐదు నిమిషాలు మించకండి. ప్రతి రచనకు ముందు ఒక్క నిమిషం తెలుగులో మాట్లాడి, అందులోని ఒక వింత శబ్దాన్ని విడిగా వినిపించండి. కమానును బ్రిడ్జికి (తీగలను మోసే చెక్కముక్కకు) బాగా దగ్గరగా లాగితే గాజులాంటి సన్నని కీచు వస్తుంది. అది ముందే విన్న శ్రోత, రచనలో అదే శబ్దం వచ్చినప్పుడు ముందుకు వంగి వింటాడు.

ఊళ్లోవాళ్లతో రాయించండి

సినిమాలకు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసే కుర్రాళ్లలో నొటేషన్ రాయగలిగినవాళ్లుంటారు. ఐదు నిమిషాల రచన అడగండి, చిన్నదైనా పారితోషికం ఇవ్వండి. వాళ్లను చివరి రిహార్సల్‌కు కాదు, రెండోదానికే పిలవండి. మాకు రాసినాయన వయోలా పార్టులో నేను తంటాలు పడుతున్న ఒక స్వర వాక్యాన్ని విని, లేచి వచ్చి, దాన్ని చెల్లోకు మార్చేశాడు. ఆ రెండు కొలతల్లో నాకు మిగిలింది ఒకే ఒక పొడుగాటి స్వరం. రచన మొత్తంలో నాకిష్టమైన చోటు ఇప్పుడు అదే. ఇలాంటి మార్పులను నాలుగు పార్టుల్లోనూ అదే రోజు పెన్సిల్‌తో రాసుకోండి. పెన్ను వద్దు, మళ్లీ మారతాయి.