ర్యాంపు ఉంది, వీల్‌ఛైర్ ఎక్కడం లేదు: సమస్య – పరిష్కారం

వీధి గేటు నుంచి గుమ్మం దాకా వేసే దారిలో తరచూ వచ్చే ఇబ్బందులివి. తనిఖీకి టేపు, రసమట్టం, మీటరు పొడవున్న తిన్నని చెక్క చాలు.

కుర్చీ ఎక్కడం లేదు, వెనక్కి ఒరుగుతోంది

దాదాపు ప్రతిసారీ తప్పు వాటానిదే, అంటే ఏటవాలుదే. మెట్ల ముందు ఆరడుగుల చోటుంటే మేస్త్రీ ఆ ఆరడుగుల్లోనే ర్యాంపు ముగిస్తాడు. స్కూటరు ఎక్కించడానికి పనికొస్తుంది గానీ, చేతులతో చక్రం తిప్పుకునేవాళ్లకు కాదు. లెక్క ఎత్తు నుంచి మొదలవ్వాలి: ఎత్తుకు 12 రెట్లు పొడవు. 15 సెం.మీ. మెట్లు మూడుంటే ఎత్తు 45 సెం.మీ.; ర్యాంపు 5.4 మీటర్లు రావాలి. చెక్కను వాటం వెంట పెట్టి, కింది కొసను మట్టం కుదిరేదాకా ఎత్తండి. కొస కింద సందు 8.3 సెం.మీ. దాటితే వాటం ఎక్కువే.

పైపైన సిమెంటు పూస్తే సరికాదు, పగలగొట్టాల్సిందే. తిన్నగా చోటు లేకపోతే గోడ వెంట మలుపు తిప్పండి. వెడల్పు 1.2 మీటర్లు, మలుపు దగ్గరా గుమ్మం ముందూ 1.5 మీటర్ల చదరంగా మట్టపు చోటు ఉండాలి. గుమ్మం ముందు అది లేకపోతే తలుపు తీసేలోపే కుర్చీ వెనక్కి జారుతుంది. గోడ లేని వైపు 10 సెం.మీ. గట్టు కట్టండి. రెండు వైపులా 90 సెం.మీ. ఎత్తున పట్టుకునే పైపులు. ఎండ తగిలే చోట స్టీలు పైపు చేతులు కాల్చేస్తుంది, పైన నీడ వేయించండి.

వాన పడితే జారుతోంది

నున్నటి గ్రానైటు. ఫ్లేమింగ్ చేయించి, అంటే పైభాగాన్ని మంటతో కాల్పించి, గరుకు తెప్పించవచ్చు. లోతైన గాడులు కొట్టించకండి, కుర్చీ అదిరిపోతుంది. కొత్తగా వేసేటప్పుడు పచ్చి కాంక్రీటు మీద చీపురుతో అడ్డంగా గీస్తే చాలు, అదే చవక కూడా.

కుర్చీ పక్కకు లాగుతోంది

నీళ్లు పోవడానికి పక్కకిచ్చిన వాటం మీటరుకు 2 సెం.మీ. దాటింది. లేదా పేవర్ బ్లాకులు ఒకవైపు కుంగాయి. బ్లాకులు తీసి, కంకర పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టి, 3 సెం.మీ. ఇసుక పరిచి మళ్లీ పేర్చాలి. కుంగిన చోట ఇసుకే ఎక్కువ పోసి మట్టం చేస్తే వానలకు మళ్లీ కుంగుతుంది.

ముందు చక్రం టక్కున ఆగి మనిషి తూలుతున్నాడు

కాలువ జాలీ సందులు 12 మి.మీ. దాటకూడదు, కడ్డీలు నడిచే దారికి అడ్డంగా ఉండాలి. రోడ్డు మీద కొత్త తారు పొర పడినప్పుడల్లా ర్యాంపు మొదలయ్యే చోటు చూడండి: ఎత్తుపల్లం 6 మి.మీ. దాటితే అంచు ఏటవాలుగా చెక్కించాలి, 12 దాటితే అక్కడా 12 రెట్ల లెక్కే.

గేటు దగ్గర పాతిన పైపులు

మధ్య 90 సెం.మీ. వదలండి. బైకును ఆపేంత ఇరుకు కుర్చీనీ ఆపేస్తుంది. బైకుల సంగతి వాచ్‌మన్ చూసుకుంటాడు.