రెండేళ్ల పిల్లతో శ్రీకూర్మం వెళ్లి రావడం ఎలా

శ్రీకాకుళం నుంచి కూర్మనాథస్వామి గుడి ఉన్న శ్రీకూర్మం 13 కిలోమీటర్లు. పెద్దవాళ్లకైతే అది అసలు ప్రయాణమే కాదు. ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంటే మాత్రం గుమ్మం నుంచి వీధి గేటు దాకా రావడానికే అరగంట వేసుకోండి, మిగతా 13 కిలోమీటర్ల సంగతి తర్వాత చూడొచ్చు. "పొద్దున్నే బయల్దేరి తొమ్మిదింటికల్లా వచ్చేద్దాం" అని ఇంట్లో మగవాళ్లు అంటారు. అననివ్వండి.

ముందు టైము సంగతి. ఒకటి, రెండేళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని డబ్ల్యూహెచ్ఓ లెక్క, ఆ మధ్యాహ్నం కునుకు గానీ తప్పిందంటే సాయంత్రం మీకు చుక్కలే. అందుకని భోజనాల వేళకి ఇంట్లో ఉండేలా చూసుకోండి. ఎండాకాలం అయితే ఇంకా పెందలాడే వెళ్లాలి, గుళ్లో చెప్పులుండవు కదా, పొద్దెక్కాక ఆ రాళ్ల మీద పెద్దవాళ్ల కాళ్లే ఆగవు.

రెండోది, ఇదే అసలు కిటుకు: "గుడికి వెళ్దామా?" అని అడక్కండి. అడిగితే "వద్దు" అంటుంది. గుడి మీద కోపం ఉండి కాదు, ఈ వయసులో ఏం అడిగినా ముందు వచ్చే జవాబు అదే, లడ్డూ కావాలా అన్నా "వద్దు" అనేసి చెయ్యి మాత్రం చాపుతుంది. వెళ్లడం ఖాయం అయినప్పుడు అడిగి పర్మిషన్ తీసుకోవడం ఎందుకు, "జేజి దగ్గరికి వెళ్తున్నాం, ఎర్ర రిబ్బన్ కట్టనా, పసుపుది కట్టనా?" అనండి. ఆ ఒక్కటీ నిజంగానే తన ఇష్టానికి వదిలేయండి. ఒక కాలికి ఎర్రది, ఒక కాలికి పసుపుది కట్టమన్నా సరే, కట్టండి.

లాల పోయడం దగ్గర ఒక చిక్కుంది, బాత్రూంలోకి రానని ఎంత గోల చేస్తుందో లోపలికి వెళ్లాక బయటికి రానని అంతకు రెట్టింపు గోల చేస్తుంది. ఆఖరి చెంబు తననే పోసుకోనివ్వండి. సగం మీ చీర మీద పడుతుంది, అందుకే మీరు తయారవ్వడం తన స్నానం తర్వాత పెట్టుకోండి. పట్టుపావడా వెయ్యాలని మామ్మ పట్టు పడుతుంది, కాదనకండి, మడిచి సంచిలో పెట్టుకుని గుడి దగ్గర వెయ్యండి. బస్సులో కాటన్ గౌను చాలు.

ఇక చెప్పులు. మా పిల్ల మెట్టు మీద కూర్చుని, నాలిక పెదవి చివరికి తెచ్చి, ఊపిరి బిగబట్టి పట్టీ అతికిస్తుంది. అతికాక దాన్ని మళ్లీ చర్రున పీకుతుంది, ఆ చప్పుడు బాగుంటుంది కాబట్టి. మళ్లీ అతికిస్తుంది. మనం చెయ్యి పెట్టామో, మొత్తం ఊడదీసి మొదటి నుంచి మొదలెడుతుంది. ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ వేసుకున్నా ఆ నిమిషంలో ఏం అనకండి. మా అత్తయ్యకి ఇది మనసు ఒప్పదు. "ఓలమ్మా, సెప్పులు తిరగేసీసినావేటే గుంటా" అంటుంది. "ఇలాగే మామ్మా" అంటుంది మనవరాలు, ఆవిడకే నేర్పుతున్నట్టు. బస్సు ఎక్కాక కిటికీలోంచి ఆవుని చూపించి గుట్టుగా మార్చెయ్యండి.

బయల్దేరేముందు కాకికి, ట్యాంకుకి, ఎదురింటి స్కూటర్‌కి టాటా చెప్పడం ఉంటుంది, ఆ టైము ఇందాక చెప్పిన అరగంటలోదే.

సంచిలో రెండు జతల బట్టలు, ఒక ఖాళీ ప్లాస్టిక్ కవరు, నీళ్లు, సబ్బు ముక్క, అరటిపండు పెట్టుకోండి. జీడిపప్పు మాత్రం వద్దు. పలాస మన జిల్లాదే, పప్పు కూడా మంచిదే, బస్సులో పక్కనావిడ ముద్దొచ్చి నాలుగు పలుకులు గుప్పిట్లో పెట్టినా మొహమాటపడకుండా తీసి మీ కొంగున కట్టుకోండి. జీడిపప్పు, వేరుశనగ గుండు, ద్రాక్ష పండు లాంటివి ఐదేళ్లలోపు పిల్లలకి గొంతుకి అడ్డం పడతాయి, అదీ కుదుపుల్లో, నవ్వుతూ తింటున్నప్పుడు. ఆ పప్పుని ఇంటికెళ్లాక మెత్తగా పొడి కొట్టి చోడి (రాగి) జావలో కలపండి.

ఆర్టీసీలో ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు బస్సులో మన ఆడవాళ్లకీ డబ్బులక్కర్లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. అందుకే జనం కూడా బాగా ఉంటారు, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో (బస్టాండులో) బస్సు కదలక ముందే ఎక్కి కూర్చోండి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది: అందరికీ కాగితం ఇచ్చి తనకి ఇవ్వకపోతే పిల్ల ఊరుకోదు. పర్సులో పాత టికెట్ ఒకటి ఉంచుకుని, కండక్టర్ గారికి మెల్లిగా అందించి ఆయన చేతే ఇప్పించండి. ఏ కండక్టరూ కాదనగా నేను చూళ్లేదు. దాన్ని దిగేదాకా రెండు చేతులతో పట్టుకుంటుంది, కాబట్టి చేతులు కిటికీ బయటికి వెళ్లవు, మనకి అదొక లాభం. నోట్లోకి మాత్రం వెళ్లకుండా చూసుకోండి.

గుళ్లోకి వెళ్లగానే దర్శనం లైన్లో నిలబెట్టకండి, ముందు కాసేపు పరిగెత్తనివ్వండి. శ్రీకూర్మంలో స్వామి పడమర ముఖంగా ఉంటాడు, అందుకే అక్కడ ధ్వజస్తంభాలు రెండు. ఏది లెక్కపెట్టమన్నా "ఒకటి, రెండు, ఐదు" అనే పిల్ల దగ్గర లెక్క సరిగ్గా కుదిరే చోటు ఇదే, రెండు అనగానే ఎత్తుకుని చప్పట్లు కొట్టించి ఆపెయ్యండి. ప్రదక్షిణ మండపంలో రాతి స్తంభాలు దాగుడుమూతలకి భలే ఉంటాయి. రెండేళ్ల పిల్ల దాక్కోవడం అంటే స్తంభం ముందు నిలబడి కళ్లు మూసుకోవడమే, మీరు వెతుకుతూ రెండుసార్లు పక్కనుంచి వెళ్లి "ఏదీ మా బంగారం, కనపడట్లేదే" అనాలి. గోడల మీద పాత రంగుల బొమ్మలున్నాయి, అరటిపండు చేతులు వాటికి తగలనివ్వకండి. పుష్కరిణి దగ్గర మాత్రం ఆటలొద్దు. కంటితో కనిపెట్టుకుని ఉంటే చాలదు, చెయ్యి వదలకూడదు, నీళ్లలో పడ్డ పిల్లలు చాలాసార్లు కేక కూడా వెయ్యరు.

ఇక తాబేళ్లు. వీపు మీద పసుపు గీతల నక్షత్రాలున్నవి, గుడి ఆవరణలో పెంచుతారు. అక్కడివాళ్లని అడిగి, వాళ్లు సరేనంటే ఆకుకూర కాడ ఒకటి పొడుగ్గా ఉన్నది చేతికివ్వండి, వేలు తాబేలు నోటికి దూరంగా ఉంటుంది. పిల్ల చూపు చూడాలి అప్పుడు. ఇంట్లో, వీధిలో అందరూ తనకంటే ముందు నడిచేవాళ్లే, "తొందరగా రా" అనేవాళ్లే, ఇక్కడొకటి తనకంటే మెల్లిగా వస్తోంది. మా పిల్ల దాని ముందు గొంతుక్కూర్చుని, మేం తనతో అనే గొంతుతోనే "లా లా, తొందగా లా" అంది. మా అత్తయ్య, నేను మొహాలు చూసుకున్నాం.

ముట్టుకోనివ్వకండి. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది, చిన్నపిల్లలకి విరేచనాలు, జ్వరం తెప్పిస్తుంది. ముట్టుకున్నా, ముట్టుకోకపోయినా చేతులు సబ్బుతో కడిగాకే ప్రసాదం పెట్టండి, సంచిలో సబ్బు ముక్క అందుకే. "ఇంటికి తెచ్చేద్దాం" అని ఏడిస్తే "తర్వాత చూద్దాం" అని నోరు జారకండి, ఈ పిల్లలు అదొక్కటీ మర్చిపోరు. ఇవి వన్యప్రాణుల చట్టం కింద రక్షణ ఉన్న జీవాలు, ఇంట్లో పెంచితే కేసే. చట్టం సంగతి దానికి అర్థం కాదు గానీ "వాళ్లమ్మ ఇక్కడే ఉంది, సాయంత్రం వెతుక్కుంటుంది" అంటే అర్థమవుతుంది.

వచ్చేటప్పుడు బస్సులో ఎలాగూ భుజం మీద పడి నిద్రపోతుంది, మెలకువలో ఉన్నదానికంటే రెట్టింపు బరువుంటుంది. ఇంట్లో మంచం మీద వేసేటప్పుడు తల కాదు, ముందు కాళ్లు ఆనించండి, తర్వాత నడుం, ఆఖరికి తల, మీ చెయ్యి మాత్రం కాసేపు వీపు మీదే ఉంచండి. చెప్పులు తర్వాత తియ్యొచ్చు, ఆ చర్రుమనే చప్పుడుకి లేస్తుంది.

మర్నాడు పిల్ల కనపడకపోతే కంగారు పడకండి, మంచం కింద చూడండి. వీపు మీద తలగడ పెట్టుకుని పాకుతూ ఉంటుంది, పిలిస్తే తల లోపలికి లాక్కుంటుంది. ఆ పూట తోటకూర వండండి. కాడలు మెత్తగా ఉడకనిచ్చి, పళ్లెం కింద పెట్టి, "తాబేలు బువ్వ" అని చెప్పి మీ పని మీరు చూసుకోండి.