బడికి వెళ్లడానికి భయపడే పిల్లల విషయంలో తల్లిదండ్రులు చేయవలసినది

సోమవారం ఉదయం బూట్లు వేసుకునే వేళకు కడుపునొప్పి అని ఏడ్చి, స్కూలు బస్సు వెళ్లిపోగానే మామూలుగా ఆడుకునే పిల్లవాడు నటిస్తున్నాడని అనుకోకూడదు. ఆందోళన వల్ల వచ్చే నొప్పి కూడా నిజమైన నొప్పే. ముందుగా పిల్లల డాక్టరుకు చూపించండి. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కనుక్కోండి. ఆపైన మన నడవడిని గమనించుకోవాలి. జాలితో బడి మాన్పించినప్పుడల్లా ఆ పూటకు ఉపశమనం కలుగుతుంది కానీ, తప్పించుకుంటేనే క్షేమమన్న నమ్మకం బిడ్డలో బలపడుతుంది.

కాబట్టి భయాన్ని మెట్లుగా విడగొట్టండి: మొదట సెలవు రోజున గేటు దాకా నడిచి రావడం, తర్వాత ఒక్క పీరియడ్ కూర్చోవడం, ఆపైన మధ్యాహ్నం వరకు ఉండడం. "ఏం కాదులే" అని పదేపదే చెప్పడం కన్నా "భయంగా ఉందని తెలుసు నాన్నా, అయినా నువ్వు తట్టుకోగలవు" అనడం మేలు. నానమ్మ "ఈ ఒక్కరోజుకీ మాననివ్వండి" అంటే పని మళ్లీ మొదటికొస్తుంది గనుక, ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండాలి.

కొన్ని వారాలకూ మార్పు రాకపోతే నిపుణులను కలవండి. 2008లో అమెరికాలో ఆందోళన రుగ్మతలున్న 488 మంది పిల్లలపై వెలువడిన అధ్యయనంలో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో (ఆలోచనల తీరును, నడవడిని మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) సుమారు 60 శాతం, దానికి ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ మందు జతచేస్తే సుమారు 81 శాతం మంది మెరుగయ్యారు. మందు అవసరమా కాదా అన్నది మాత్రం మానసిక వైద్యులే నిర్ణయించాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు.