టూర్‌కి ఎక్కడికి పోదాం: డబ్బు ఎక్కడ తగ్గించొచ్చు, ఎక్కడ తగ్గించకూడదు

సెలవులు దగ్గరపడితే నల్గొండ అయినా పాలమూరు అయినా ప్రతి ఇంట్లో మొదటి మాట "ఎక్కడికి పోదాం", వెంటనే రెండోది "ఎంతవుతది". ఈ రెండిటికన్నా ముందు "ఎవరెవరు వస్తున్నారు" అని అడగండి, సగం చర్చ అక్కడే తేలిపోతుంది. నల్లమల అడవిలోని మల్లెల తీర్థం జలపాతానికి టికెట్ ఖర్చు పెద్దగా ఉండదు కానీ 350 దాకా మెట్లు దిగాలి, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మనీ చంటిపాపనీ తీసుకుని అక్కడికి పోతే ఒకరు పైన కూర్చోవాలి, వాళ్లకి తోడు ఇంకొకరు ఆగాలి, మిగిలినవాళ్లు హడావిడిగా చూసి వచ్చేయాలి. అదే ఇంటివాళ్లు నాగార్జునసాగర్ డ్యామ్, దాని దగ్గరే ఉన్న బౌద్ధ పార్కు బుద్ధవనం పెట్టుకుంటే అందరూ కలిసి తిరిగి రావచ్చు.

ఖర్చు, సౌకర్యం, భద్రత, ఈ మూడింటినీ ఒకే తక్కెడలో వేయకండి. ముందు భద్రత ఒక్కటే చూడండి, అందులో పాస్ కాని చోటు ఎంత చవకైనా లిస్టులోంచి తీసేయండి. మిగిలిన చోట్ల మధ్యే డబ్బుకీ సుఖానికీ బేరం పెట్టుకోవాలి. ఏసీ లేని గది, ఎక్స్‌ప్రెస్ బస్సు, అన్నదానంలో భోజనం, ఇవన్నీ సర్దుకోవచ్చు. కానీ డ్రైవర్ నిద్ర, లైఫ్ జాకెట్, రాత్రి పదింటికి చేరుకునే కొత్త ఊళ్లో ముందే ఖాయం చేసుకున్న గది, వీటిని చాలామంది సుఖాల్లో వేసి కోసేస్తారు, అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

ఇక లెక్క. బస్సు టికెట్ చూసో, గది రేటు చూసో ఊరు ఎంచుకోవద్దు, ఇంటి తలుపు వేసినప్పటి నుంచి మళ్లీ తీసేదాకా అయ్యే మొత్తం వేసుకోండి. ఉదాహరణకి గుడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో గది రోజుకి 900, గుడి పక్కనే అయితే 1,600 అనుకుందాం. ఆటోకి ఒకసారికి 200 పెట్టి పొద్దున దర్శనానికి పోను, మధ్యాహ్నం భోజనానికి రాను, సాయంత్రం మళ్లీ పోను, రాత్రి రాను, నాలుగుసార్లు తిరిగితే 800. చవక గది 1,700కి తేలింది, పైగా రాత్రిపూట పిల్లల్ని వేసుకుని ఆటో కోసం రోడ్డు మీద నిలబడాలి. ఆరుగురు దాటితే రెండు ఆటోలు, లెక్క ఇంకా మారిపోతుంది. కాగితం మీద రాయండి, పది నిమిషాల పని.

ఆడవాళ్లు ఎక్కువున్న కుటుంబమైతే మనకి పెద్ద వెసులుబాటు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకి జీరో టికెట్, అంటే ప్రయాణం ఉచితం. దాంతో అలంపూర్ జోగులాంబ, సాగర్, యాదగిరిగుట్ట, కొల్లాపూర్ దగ్గరి సోమశిల లాంటి చోట్లకి దారి ఖర్చు చాలావరకు తగ్గిపోతుంది. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో ఇది చెల్లదు, రాష్ట్రం సరిహద్దు దాటాక కూడా చెల్లదు, కాబట్టి శ్రీశైలం పోయేటప్పుడు సరిహద్దు నుంచి టికెట్ కొనాలి. ఆదివారం, పండగ రోజుల్లో ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకడం కష్టం. రెండు గంటల దారి అయితే నిలబడైనా పోవచ్చు, పెద్దవాళ్లతో నాలుగైదు గంటల దారి అయితే డబ్బులు పెట్టి సూపర్ లగ్జరీలో సీటు రిజర్వ్ చేసుకోవడమే మేలు, ఇక్కడ పొదుపు చేయొద్దని నా గట్టి అభిప్రాయం.

తిరుపతికైతే రైలే. నల్గొండ నుంచి నారాయణాద్రి రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. వందే భారత్ పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికే చేరుస్తుంది, శుభ్రంగా ఉంటుంది, కానీ ఖరీదెక్కువ, అంతసేపూ కూర్చునే ఉండాలి, నడుం నొప్పి ఉన్నవాళ్లకి స్లీపర్‌లో పడుకుని పోవడమే సుఖం. మహబూబ్‌నగర్ వాళ్లకి వెంకటాద్రి ఉంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, పాత 120 రోజుల లెక్క 2024 నవంబర్‌తో పోయింది. పెద్దవాళ్లకి ఇచ్చే రాయితీ 2020 నుంచి లేదు, అది ఉందనుకుని బడ్జెట్ వేయకండి. కానీ లోయర్ బెర్త్ కోటా ఉంది, మగవాళ్లకి 60 ఏళ్లు, ఆడవాళ్లకి 45 నిండితే వర్తిస్తుంది, అయితే ఆ టికెట్ మీద ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉండాలి. ఇంటిల్లిపాదికీ ఒకే టికెట్ తీస్తే అమ్మానాన్నకి మిడిల్ బెర్తులు పడొచ్చు, వాళ్లిద్దరికీ వేరే టికెట్ తీయండి. అదనంగా పెద్ద ఖర్చేమీ లేదు, రాత్రంతా నిద్ర దక్కుతుంది.

కారు మాట్లాడుకునేటప్పుడు మాత్రం నిదానంగా ఉండండి. కిలోమీటర్‌కి ఇంత అని చెప్పిన రేటు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. డ్రైవర్ బత్తా, టోల్, పక్క రాష్ట్రం పర్మిట్, పార్కింగ్ ఎవరివి, రోజుకి కనీసం ఎన్ని కిలోమీటర్లు లెక్కేస్తారు, ఇవన్నీ అడ్వాన్స్ ఇవ్వకముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టించుకోండి. తెలిసినాయన వైట్ ప్లేట్ బండి తక్కువకి ఇస్తానంటాడు. సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన బండిని కిరాయికి తిప్పడం చట్టప్రకారం తప్పు, ఏమైనా జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది, ఎల్లో ప్లేట్ బండే మాట్లాడండి. డ్రైవర్ ముందు రాత్రి ఎక్కడి నుంచి వచ్చాడో అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. రాత్రంతా నడిపి పొద్దున దర్శనం చేయించి మళ్లీ ఆ రాత్రే తిరుగుదాం అనే ప్లాన్‌లో మిగిలేది ఒక గది అద్దె. ఆ అద్దె కోసం ఏడెనిమిది మంది ప్రాణాలు నిద్రలేని మనిషి చేతిలో పెడుతున్నాం.

శ్రీశైలం పోయేవాళ్లకి ఈ విషయంలో అడవే హద్దు పెట్టింది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గర బండ్లు ఆపేస్తారు. అందుకని చీకటి పడకముందే ఘాట్ దాటేలా బయలుదేరండి, అచ్చంపేట దగ్గరే డీజిల్ నింపుకోండి, లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంటికి ఫోన్ చేసేది ఉంటే మన్ననూరులోనే చేసేయండి.

బెంగళూరు, గోవా వైపు రాత్రి ప్రైవేట్ బస్సుల్లో పోయేవాళ్లకి ఒక మాట. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున అప్పటి మన పాలమూరు జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. ఆ తర్వాత నుంచి మా ఇంట్లో బస్సెక్కగానే చేసే పని ఒకటే, ఎమర్జెన్సీ డోర్ ఎక్కడుంది, అద్దం పగలగొట్టే సుత్తి ఉందా లేదా చూడడం, దారిలో సామాన్లు పెట్టి ఉంటే తీయించడం. వంద రూపాయల డిస్కౌంట్ చూసి బస్సు ఎంచుకోవద్దు.

నీళ్ల దగ్గరికి వస్తే, ఇక్కడ ఖర్చు ప్రసక్తే లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున బండల మీద ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదలడంతో కొట్టుకుపోయారు. నది అప్పటిదాకా పల్చగా, మోకాళ్ల లోతు ఉన్నట్టు కనిపిస్తుంది, అదే మోసం. జూరాల, శ్రీశైలం, సాగర్, ఏ డ్యామ్ కిందైనా ఇదే లెక్క. ఆగస్టు, సెప్టెంబర్‌లలో గేట్లెత్తినప్పుడు చూడడానికి తప్పకుండా పోండి, కానీ బ్రిడ్జి మీది నుంచో, పోలీసులు చూపించిన చోటు నుంచో చూడండి, పిల్లల్ని బండల మీదికి దిగనివ్వకండి, కాలువల్లో స్నానాలు అసలే వద్దు. సోమశిలలో గానీ నాగార్జునకొండ లాంచీలో గానీ ఎక్కేముందు లైఫ్ జాకెట్ మనిషికొకటి ఉందో లేదో లెక్కపెట్టండి. లేకపోతే టికెట్ డబ్బులు పోయినా సరే, దిగిపోండి.

చవక ప్యాకేజీల్లో సీజన్ కూడా చూడాలి. వానాకాలంలో కొండ ప్రాంతాల్లో గదులు చవక, కొండచరియలు విరిగిపడేదీ అప్పుడే, 2024 జూలై 30న కేరళ వయనాడ్‌లో ఏమైందో అందరం చూశాం. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, విమానం దిగాక రెండు రోజులు ఊరికే విశ్రాంతి తీసుకోవాలి, ఆ రెండు రోజులు లేని ప్యాకేజీ తక్కువకి వస్తుంది కానీ తలనొప్పి, వాంతులు, ఊపిరాడకపోవడం వచ్చి అక్కడ ఆసుపత్రి పాలైతే మిగిలిందంతా పోతుంది. ఊటీ, కొడైకెనాల్‌కి బండిలో పోతే ముందే ఈ-పాస్ తీసుకోవాలి. మే నెలలో మన దగ్గరే తిరగాలనుకుంటే 44 డిగ్రీల ఎండలో దేవరకొండ కోట, భువనగిరి గుట్ట ఎక్కే పని పెట్టుకోవద్దు, వాటికి డిసెంబర్, జనవరి మంచివి.

చివరిగా గదుల సంగతి. సత్రాల పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, సెర్చ్‌లో పైన కనిపించిన నంబర్‌కి ఫోన్‌పే చేసేయొద్దు, దేవస్థానం సొంత సైట్‌లోనే బుక్ చేయండి. హోటల్ అయితే ఫోన్ చేసి లిఫ్ట్ ఉందా, వేడినీళ్లు ఏ టైమ్‌కి వస్తాయి, రాత్రి ఎన్నింటి దాకా గేటు తీస్తారు అని అడగండి, సమాధానం చెప్పడానికి విసుక్కునేవాళ్ల దగ్గర దిగొద్దు. బండి నంబర్, డ్రైవర్ ఫోన్, గది అడ్రస్ ఇంట్లో ఉండిపోయేవాళ్లకి పంపండి. ఆపదలో సాయానికి 112 అన్నిటికీ, రైల్లో 139, నేషనల్ హైవే మీద 1033, ఈ మూడు నంబర్లూ బయలుదేరేముందే పెద్దవాళ్ల ఫోన్లలో సేవ్ చేసి పెట్టండి.