క్యాష్‌లో పెట్టిన ఎంట్రీ గడువుకు ముందే మాయమవుతోందా?

సమస్య: జావాస్క్రిప్ట్‌లో రాసుకున్న క్యాష్‌లో (మళ్లీ మళ్లీ కావాల్సిన డేటాను కాసేపు దాచే చోటు) 60 సెకన్ల గడువుతో పెట్టిన ఎంట్రీ ఒక్కోసారి నిమిషం పాటు నిక్షేపంగా ఉంటుంది, ఒక్కోసారి పది సెకన్లకే పోతుంది.

ముందు యూనిట్లు చూడండి. "అది చూశాంలే" అనకుండా కోడ్ తెరిచి చూడండి. జావాస్క్రిప్ట్‌లో సెట్‌టైమవుట్ (చెప్పినంత సేపటి తర్వాత పని చేసే టైమర్), డేట్.నౌ (ఇప్పటి సమయం) రెండింటికీ లెక్క మిల్లీసెకన్లలోనే. పైథాన్‌లో ఇప్పటి సమయం చెప్పే టైమ్.టైమ్ ఇచ్చేది సెకన్లు. అక్కడి అలవాటుతో ఇక్కడ 60 అని రాస్తే ఎంట్రీ కన్నుమూసి తెరిచేలోపే పోతుంది. ఇది చూడకుండా లైబ్రరీని తిట్టేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

యూనిట్లు సరిగ్గానే ఉండి, అప్పుడప్పుడు మాత్రమే పోతుంటే అసలు దొంగ పాత టైమర్. మ్యాప్‌లో (ఒక్కో విలువను ఒక్కో కీ, అంటే పేరు కింద దాచేది) విలువ పెట్టి, 60 సెకన్ల తర్వాత ఆ కీని తీసేయమని పక్కనే ఒక టైమర్ పెట్టి ఉంటారు. 50వ సెకనులో అదే కీకి కొత్త విలువ వచ్చిందనుకోండి. పాత విలువ పోతుంది కానీ పాత టైమర్ పోదు. 60వ సెకనులో అది లేచి కీని తుడిచేస్తుంది. లోపల ఉన్నది కొత్త విలువని దానికేం తెలుసు? నిమిషం ఉండాల్సింది పది సెకన్లకే పోయింది. దీని వెనక నేను రెండు రోజులు తిరిగాను. నా టెస్టుల్లో ఒక్కో కీని ఒక్కసారే సెట్ చేశాను మరి, అన్నీ పాస్!

అనుమానం తీరాలంటే, టైమర్ డిలీట్ చేసే చోట ఎంట్రీ వయసు లాగ్ చేయండి. 60000 రావాల్సిన చోట 10000 కనిపిస్తే దొరికినట్టే.

పరిష్కారం: సెట్ చేసే ముందు ఆ కీ పాత టైమర్‌ను క్లియర్‌టైమవుట్‌తో ఆపండి. డిలీట్ ఫంక్షన్‌లోనూ ఆపాలి, అది చాలామంది మర్చిపోతారు. నేనైతే కీకో టైమర్ పెట్టడమే మానేశాను. విలువతో పాటు గడువు తీరే సమయం దాచి, విలువను చదివే గెట్‌లో ఇప్పటి సమయంతో పోల్చి చూస్తాను. ఎవరూ అడగని కీలు మెమరీలో పేరుకోకుండా నిమిషానికోసారి ఊడ్చే సెట్‌ఇంటర్వెల్ ఒక్కటి చాలు.

ఇక అరుదైనవి. 30 రోజుల గడువు పెట్టగానే ఎంట్రీ పోతే, సెట్‌టైమవుట్ పరిమితి 2147483647 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 24.8 రోజులు. అది దాటితే నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపేది) దాన్ని 1 మిల్లీసెకనుగా తీసుకుంటుంది. 0 విలువ ఉన్న కీలే దొరకకపోతే, "ఇఫ్" షరతులో విలువనే నేరుగా పెట్టారేమో చూడండి. ఇఫ్ 0ని లేనట్టే లెక్కేస్తుంది. కీ ఉందా లేదా అని మ్యాప్.హ్యాజ్‌తో అడగండి.