పంచాయతీ నిధులు మార్చి 31 లోపు ఖర్చు కావాలంటే

కడప జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైనవాణ్ని. మార్చి వచ్చిందంటే కొత్త కార్యదర్శులు ఫోన్ చేస్తారు: "సార్, ఫైనాన్స్ కమిషన్ డబ్బులు అట్లే ఉండాయి, ఏం చేయాల?" మార్చిలో చేసేదేముంది నాయనా! అంతకు ముందు అక్టోబరులో, ప్లాన్ రాసేటప్పుడే అడగాల్సింది.

మరుసటి ఏడాది ప్లాన్ పనులు అక్టోబరు 2 నుంచే మొదలవుతాయి. గ్రామసభలో ఒప్పుకుని పంచాయతీల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్‌లోకి ఎక్కించిన పనికే తర్వాత బిల్లు పెట్టగలం. 15వ ఆర్థిక సంఘం (ఫైనాన్స్ కమిషన్, 2021-22 నుంచి 2025-26) లెక్కలో నూటికి 60 టైడ్, అంటే చెప్పిన పనికే వాడాల్సిన సొమ్ము. అందులో 30 తాగునీటికి, 30 పారిశుధ్యానికి. మిగతా 40 అన్‌టైడ్, ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, అదీ జీతాలకు కాదు. సీసీ రోడ్డు అడగని వార్డు మెంబరు ఉండడు కాబట్టి అన్‌టైడ్ ఇట్టే అయిపోతుంది, టైడ్ మూలుగుతుంది. ప్లాన్‌లో ముందు కాలువలు, పైపులైన్లు రాయండి. తాగునీటి కింద ఒకటి, పారిశుధ్యం కింద ఒకటి అదనంగా రాసిపెట్టుకోండి. ఒకచోట స్థలం తగాదా వస్తే రెండోది మొదలుపెట్టొచ్చు. 2026-27 నుంచి 16వ సంఘం కాలం. పాత లెక్కే అనుకోకుండా దాని మార్గదర్శకాలు చదవండి.

డబ్బు పడ్డాక ఎస్టిమేట్ వేయిద్దామని గమ్మున కూర్చోవద్దు. కేంద్రం నుంచి వచ్చిన సొమ్మును రాష్ట్రం 10 పనిదినాల్లో పంచాయతీలకు పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో సహా ఇవ్వాలి. అది పడేసరికి ఎస్టిమేట్, మంజూరు చేతిలో ఉండాల. అంతకన్నా ముందు టేపు పట్టుకుని వీధిలో నడవండి. ఎవరింటి మెట్లు కాలువ మీదికి వచ్చాయో సర్పంచిని పక్కన పెట్టుకుని అప్పుడే తేల్చుకోండి. గుంత తవ్వినాక తేలదు.

మా వైపు అక్టోబరు, నవంబరు వానలు. కాంక్రీటు డిసెంబరులో మొదలుపెడితే మేలు. ఎండలు ముదిరితే కాంక్రీటు తడిపే క్యూరింగ్‌కు నీళ్లు పట్టేదానికే ఊళ్లో గొడవ.

బిల్లు ఆగేది ఎక్కువగా ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) దగ్గరే. కాలువకు అడుగున కాంక్రీటు బెడ్డు వేసిన రోజే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని పిలిపించి మందం, వెడల్పు రాయించండి. గోడలు లేచి, పైన కడప బండలు పరిచాక కింద ఎంత వేశారో ఎవరికి తెలుసు? తవ్వి చూపించమంటే మేస్త్రీ రాడు, కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు. ఏఈకి మన ఊరొక్కటే కాదు గదా. అందుకే బెడ్డు వేసే తేదీ ముందే చెప్పి, ముందు రోజు సాయంత్రం మళ్లీ గుర్తుచేయండి. ఫోటోలు పని మొదలుకాక ముందు, మధ్యలో, అయిపోయాక తీయండి. మూడింట్లోనూ అదే కరెంటు స్తంభమో గుడో కనపడాల.

జనవరిలో రెండు చూసుకోండి. మీదీ సర్పంచిదీ డిజిటల్ సంతకాల గడువు మార్చి దాటి ఉందా? సర్పంచి గారి సంతకం కీ (పెన్‌డ్రైవ్ లాంటిది) ఆయన దగ్గరే ఉందా, ఇంకెవరి జేబులోనైనా తిరుగుతోందా? రెండోది, కాంట్రాక్టరు ఖాతా. మన ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాత పాస్‌బుక్కు జిరాక్సు ఇస్తే తీసుకోవద్దు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ బ్రాంచిలో అడిగి రాసుకోండి. కోడ్ తప్పితే సొమ్ము వెనక్కొస్తుంది, మళ్లీ ఓచరు నుంచి మొదలు.

బిల్లులు ఫిబ్రవరి ఆఖరుకే పెట్టేయండి. మార్చి చివరి వారంలో సర్వర్ మీద అందరూ పడతారు.