తేదీకో పుస్తకం: గోడ క్యాలెండర్‌తో చరిత్ర చదవడం ఎలా

రెండేళ్ల కిందట ఫిబ్రవరి 10న పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఆముక్తమాల్యద తెరిచాను. 1513లో అదే తేదీన కృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమల వచ్చాడు కదా, ఆయన పుస్తకం ఆ రోజే మొదలుపెడితే బాగుంటుందని. రాత్రి పదింటికి చూసుకుంటే మూడు పద్యాలయ్యాయి, అందులో ఒకటి ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. మర్నాడు ఆఫీసు, ఆ వారమంతా పెళ్లిళ్లు, పుస్తకం మళ్లీ బీరువాలోకి.

అందుకే మొదట చెప్పేది ఇదే. చరిత్రలో ఒక తేదీకి తగిన పుస్తకం చదవాలనుకుంటే, ఆ తేదీ రోజున మొదలుపెట్టకండి, ఆ రోజుకు పూర్తయ్యేలా వెనక్కి లెక్కేసుకోండి. నవలకు మూడు వారాలు, రెండేసి పాదాల ద్విపద కావ్యానికి వారం, ప్రబంధమైతే ఒక్కో ఆశ్వాసానికి (అంటే అధ్యాయానికి) నెల. క్యాలెండర్‌లో అసలు తేదీకి ఎర్ర సున్నా చుట్టి, మొదలుపెట్టాల్సిన రోజున పెన్సిల్‌తో పుస్తకం పేరు రాయండి. ఫోన్ రిమైండర్ నా విషయంలో పనిచేయలేదు, మోగగానే ఆపేసి మర్చిపోతాను. పైగా మన తేదీల్లో సగం తిథులు, వాటికి గోడమీది తెలుగు క్యాలెండరే దిక్కు.

ఏడాదికి ఆరేడు తేదీలు మించొద్దు. నేను మొదట్లో ఇరవై మూడు పెట్టుకున్నాను, ఉగాది వచ్చేసరికే చేతులెత్తేశాను.

ఇప్పుడు తేదీని ఎక్కడ నుంచి తీసుకోవాలన్నది. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్ల నుంచి మాత్రం వద్దు. ఒకసారి ఫిబ్రవరి 23న మా వీధి గ్రూపులో 'నేడు అన్నమయ్య వర్ధంతి' అని ఘనంగా పెట్టాను. 1503లో ఆయన పోయిన రోజు అదేనని చదివాను, అది తప్పేం కాదు. పక్కింటి రిటైర్డ్ తెలుగు మాస్టారు సాయంత్రం గేటు దగ్గర ఆపి, "ఏం సామీ, ఈ ఏడు ద్వాదశి ఎప్పుడో చూడకుండానే పెట్టేసినావా?" అన్నారు. అన్నమయ్య పోయింది దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి. తిరుపతిలో, తాళ్లపాకలో వర్ధంతి చేసేది ఆ తిథికే, ఇంగ్లీషు తేదీకి కాదు. ఆ రోజు అన్నమాచార్య కళామందిరానికి వెళ్లి ఓ మూల కూర్చుంటే చాలు.

మాస్టారే నేర్పించిన ఇంకో చిట్కా ఉంది. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకు మీద శకవర్షం 1346, క్రోధి సంవత్సరం అని ఉంటుంది, అవతరించిన పదహారేళ్లకు వేంకటేశ్వరుడు ప్రత్యక్షమయ్యాడని. శకానికి 78 కలపండి, 1424 వస్తుంది. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి 1424 క్రోధి అయితే సరిగ్గా పది చుట్లు తిరిగి 2024 కూడా క్రోధి కావాలి. 2024 ఉగాదికి వచ్చింది క్రోధే. అంటే లెక్క కుదిరింది, పదహారు తీసేస్తే పుట్టిన ఏడు 1408. పేరూ అంకే పొసగలేదంటే ఎక్కడో తప్పు దొర్లినట్టే, ఆ తేదీని అప్పుడే ఎర్రపెన్నుతో చుట్టకండి. ఒక్క జాగ్రత్త. శకసంవత్సరం ఉగాదితో మారుతుంది, అందుకని జనవరి నుంచి ఉగాది లోపు తేదీలకు 78 కాదు, 79 కలపాలి.

అన్నమయ్య తిథికి జత పుస్తకం ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్ర. చిన్నది, గట్టిగా చదువుకుంటే నాలుక మీద పరిగెడుతుంది. పద్యమంటే భయపడేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి, ఆముక్తమాల్యద దగ్గర కాదు.

రాయల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మన తిరుపతిలో ఉండి ఆయన్ని వదిలేయడం కుదరదు. తిరుమలకు ఏడుసార్లు వచ్చాడు, శాసనాలు ఉండబట్టి రోజులతో సహా తెలుసు: 1513లోనే ఫిబ్రవరి 10, మే 2, జూన్ 13, తర్వాత 1514 జూలై 6, 1517 జనవరి 2, 1518 అక్టోబర్ 16, 1521 ఫిబ్రవరి 17. మొదటిసారి నవరత్న కిరీటం ఇచ్చాడు, రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి స్వామి పాలారగింపుకు బంగారు గిన్నెలు ఇచ్చారు. 1514లో ఉదయగిరి గెలిచి వస్తూ 30 వేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడు. మహాద్వారం దాటగానే కుడిపక్క మండపంలో ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడ్డ రాగి విగ్రహాలు ఆయనవే. క్యూ తోపులాటలో, పిల్లాడి చెయ్యి ఎక్కడ జారిపోతుందోనన్న టెన్షన్‌లో, మనలో చాలామంది వాటిని చూడకుండానే లోపలికి వెళ్లిపోతాం. ఈసారి ఒక్క క్షణం కుడివైపు తల తిప్పండి.

ఏడు తేదీలకు ఏడు పుస్తకాలు అక్కర్లేదు, ఒక్క ఆముక్తమాల్యదనే పంచుకోవచ్చు. నేనిప్పుడు చేసేది ఇది. మే 2కి రెండో ఆశ్వాసం, అందులో ఎండాకాలం వర్ణన ఉంది, మన మే ఎండకు అది వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. జూలై 6కి నాలుగోది, వానాకాలం. ఫిబ్రవరి 10కి మొదటి ఆశ్వాసంలో, ఆ కావ్యంలోని భక్తుడు విష్ణుచిత్తుడి ఇంటి భోజనం చాలు. ఆకాశానికి చిల్లు పడినట్టు ముసురు పట్టిన రోజుల్లో కూడా ఆయనింట అతిథికి ఒలిచిన పప్పు, నాలుగైదు పోపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, పైన నెయ్యి. తడి కట్టెలు మండవు కాబట్టి కొబ్బరి చిప్పలతో వంట. రాజు రాసిన పద్యంలో పొయ్యిలోకి ఏం పెట్టారో కూడా ఉందంటే, ఆ మనిషి వంటింట్లోకి తొంగి చూశాడన్నమాట. తాత్పర్యం ఉన్న ప్రతే కొనండి. మూలం మాత్రమే ఉన్నది చౌకగా దొరికిందని కొంటే నాలాగే మూడు పద్యాల దగ్గర ఆగిపోతారు.

శాసనాలు కూడా చూడాలనుకుంటే, టీటీడీ ఎప్పుడో ఆరు సంపుటాలుగా అచ్చువేసింది, మూడోది పూర్తిగా కృష్ణరాయల కాలానిది. కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివే పుస్తకం కాదు, మీ తేదీని వెతుక్కుని ఆ పేజీ ఒక్కటి చదవండి.

కొన్ని తేదీలకు పెద్దగా చెప్పాల్సింది లేదు. ఫిబ్రవరి 24 మన తిరుపతి పుట్టినరోజు, 1130లో రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిన రోజుగా 2022 నుంచి ఊళ్లో చేస్తున్నారు. దానికి తగిన నవల నాకు కనపడలేదు, సాయంత్రం గుడి చుట్టూ మాడవీధుల్లో ఓ చుట్టు తిరిగి వస్తాను. శివరాత్రికి ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడి కథ, పక్కన నోరి నరసింహశాస్త్రి నవల 'ధూర్జటి'. కాళహస్తికి వెళ్లినప్పుడు గాలిగోపురం కేసి చూస్తే గుర్తుపెట్టుకోండి, రాయలు 1516లో కట్టించింది ఇది కాదు. అది 2010 మే 26 రాత్రి కూలిపోయింది, ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టింది.

నవంబర్ 27 రుద్రమదేవిది. 1289లో ఆ తేదీ వేసిన చందుపట్ల శాసనం వల్లే ఆమె చనిపోయిన సంగతి బయటపడింది. దీనికి అడవి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', లేదా నోరివారి 'రుద్రమదేవి'. బాపిరాజు చేతిలో పడితే గుర్రాలు, కోటలు, ప్రేమలు అన్నీ కొంచెం ఎక్కువ మెరుస్తాయి. నాకు ఇష్టమే, కానీ దాన్ని చరిత్ర అని పిల్లలకు చెప్పకండి.

జనవరి 23, విజయనగరం ఓడిపోయిన రక్కసి తంగడి యుద్ధం, 1565. కొందరు 26 అంటారు, నేను 23 దగ్గర రాబర్ట్ సీవెల్ 1900లో రాసిన విజయనగర చరిత్రను ముగిస్తాను. ఇంగ్లీషే, కానీ చివర్లో పేస్, న్యూనిజ్ అనే ఇద్దరు పోర్చుగీసుల రాతలున్నాయి, ముందు అవే చదవండి. తర్వాతి ఆదివారం చంద్రగిరి. ఆ యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చింది. రాజమహల్ మెట్లమీద కూర్చుంటే పుస్తకంలో చివరి అధ్యాయం ఇంకోలా కనిపిస్తుంది. బయటి ప్రపంచం కావాలంటే ఆగస్టులో తెన్నేటి సూరి 'ఛంఘిజ్ ఖాన్', ఆయన పోయింది 1227 ఆగస్టులో.

ఇంకో మాట, ఈ పాత తేదీలన్నీ జూలియన్ క్యాలెండర్‌వి. ఈనాటి లెక్కకు మార్చాలంటే రాయల తేదీలకు పది రోజులు కలపాలి. నేను మార్చను, మారిస్తే ఏ పుస్తకంలో తేదీతోనూ కలవక మనకే గందరగోళం.

అక్టోబర్ 17కు మాత్రం పుస్తకం పెట్టుకోలేదు. 1529లో ఆ ఆదివారం, చంద్రగ్రహణం రోజున, రాయలు పోయాడని తుమకూరు దగ్గర దొరికిన శాసనం చెబుతోంది. దానికి ఆయన ఆస్థాన కవి పెద్దన చెప్పాడనే చాటువు, అంటే విడి పద్యం, ఒక్కటి చాలు. దారిలో ఎదురైతే తన ఏనుగును ఆపి, చేయి అందించి పైకి ఎక్కించుకున్న రాజు పోయాడే, నేనింకా బతికున్నానే అని ముసలి కవి ఏడ్చే పద్యం. రెండు నిమిషాల పని. ముందు నుంచీ ప్లాన్ చేయక్కర్లేదు, ఆ రాత్రి భోజనమయ్యాక చదువుకోవచ్చు.